దేశాల పాలనా వ్యవస్థలను పోల్చేటప్పుడు దేన్ని దేనితో పోల్చాలి?

అమెరికా, ఫ్రాన్స్, జపాన్, భారతదేశం వంటి దేశాల ప్రభుత్వ పాలనా వ్యవస్థలను పోల్చి చదవాలనుకుంటున్నాననీ, వాటిలో ఏది మెరుగైనదో తేల్చుకోవడానికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ మీరు అడిగారు. ఈ విషయాన్ని చాలాకాలంగా బోధిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక దేశపు మొత్తం వ్యవస్థను మరో దేశపు మొత్తం వ్యవస్థ పక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. అధికారిని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు, అతని జీతం ఎవరి ఖజానా నుంచి వస్తుంది, అతని నిర్ణయం వల్ల నష్టపోయిన పౌరుడు ఎవరిని ఆశ్రయించాలి అనేవాటిలో ఏదో ఒక్క ప్రశ్నను ఎంచుకొని, దాన్నే అన్ని దేశాలకూ వేసినప్పుడు మాత్రమే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. శాఖల పటాలూ పదవుల పేర్లూ చూసి పోల్చడం మొదలుపెట్టినవారు సాధారణంగా వర్ణన దగ్గరే ఆగిపోతారు.

ముందుగా ఒక చిక్కును దాటాలి. ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్యను బట్టి ఏ ప్రభుత్వం పెద్దదో, ఏది చిన్నదో చెప్పే పట్టికలు మీకు విరివిగా దొరుకుతాయి. మొత్తం ఉద్యోగాలలో ప్రభుత్వ ఉద్యోగాల వాటా నార్వేలో 30 శాతం దరిదాపుల్లో ఉంటే, జపాన్‌లో అది ఆరు శాతం లోపే ఉంటుంది. దీన్నిబట్టి నార్వేలో అధికారగణం జపాన్‌లో కంటే ఐదు రెట్లు ఉందని అనుకుంటే పొరపాటు. నార్వేలో ఆసుపత్రుల సిబ్బంది, వృద్ధుల సంరక్షణ చూసేవారు ఎక్కువమంది ప్రభుత్వ జీతగాళ్లు. జపాన్‌లో అవే పనులు చాలావరకు ప్రైవేటు సంస్థల చేతుల్లో ఉన్నాయి, వాటికయ్యే ఖర్చులో పెద్ద భాగం ప్రజాబీమా భరిస్తుంది. బడి ఉపాధ్యాయుడి సంగతే చూడండి: ఫ్రాన్స్‌లో అతను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, జర్మనీలో రాష్ట్ర ఉద్యోగి, అమెరికాలో స్థానిక పాఠశాల జిల్లా ఉద్యోగి. స్వీడన్ 1990ల ఆరంభంలో ఉపాధ్యాయుల బాధ్యతను మున్సిపాలిటీలకు అప్పగించింది. చేసే పని ఒక్కటే అయినా లెక్కలో నాలుగు చోట్ల నాలుగు గడుల్లో పడుతుంది. కాబట్టి ఏ అంకె చూసినా అందులో ఎవరిని చేర్చారో, ఎవరిని వదిలేశారో తెలుసుకున్న తరువాతే దాన్ని వాడండి.

ఇప్పుడు నియామకం, తొలగింపుల ప్రశ్నకు వద్దాం. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ విషయం రాబట్టే ప్రశ్న ఇదే. అమెరికాలో 19వ శతాబ్దంలో చాలాకాలం పాటు గెలిచిన పార్టీ తన కార్యకర్తలకు ప్రభుత్వ ఉద్యోగాలు పంచిపెట్టే పద్ధతి నడిచింది. 1881లో అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను కాల్చినవాడు, పారిస్‌లో కాన్సల్ పదవి ఆశించి భంగపడిన చార్లెస్ గిటో. ఆ హత్య తరువాత వచ్చిన ఆగ్రహంలోనే 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, ప్రతిభ ఆధారంగా నియామకాలను ప్రవేశపెట్టింది. మొదట్లో అది వర్తించింది ఫెడరల్ ఉద్యోగాలలో సుమారు పదో వంతుకే. మిగిలినవి క్రమంగా దాని కిందకు వచ్చాయి. అయినా నేటికీ కొత్త అధ్యక్షుడు సుమారు 4,000 పదవులను తన ఇష్టప్రకారం నింపుకోవచ్చు, వాటిలో 1,200కు పైగా పదవులకు సెనేట్ ఆమోదం కావాలి. 2020 అక్టోబరులో డొనాల్డ్ ట్రంప్ విధాన నిర్ణయాలతో సంబంధమున్న స్థిర ఉద్యోగులను సులభంగా తొలగించేందుకు వీలుగా ఒక కొత్త వర్గాన్ని సృష్టిస్తూ ఉత్తర్వు ఇచ్చారు, 2021 జనవరిలో జో బైడెన్ దాన్ని రద్దు చేశారు, 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ పునరుద్ధరించారు. 1883లో ముగిసిందనుకున్న తగాదా అక్కడ ఇంకా నడుస్తూనే ఉందన్నమాట.

బ్రిటన్‌లో మార్గం వేరు. 1854 నాటి నార్త్‌కోట్, ట్రెవెల్యన్ నివేదిక పోటీ పరీక్షలను సిఫార్సు చేసింది, మరుసటి ఏడాదే సివిల్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. మంత్రులు మారినా శాఖ శాశ్వత కార్యదర్శి మారడన్నది అక్కడి సంప్రదాయం. ఆశ్చర్యమేమిటంటే ఆ సర్వీసుకు పార్లమెంటు చట్టం ద్వారా పునాది ఏర్పడింది 2010లో మాత్రమే. అక్కడి ఏర్పాట్లలో ఒకటి ప్రత్యేకంగా గమనించదగ్గది. శాఖ ఖర్చుకు శాశ్వత కార్యదర్శి పార్లమెంటు ముందు వ్యక్తిగతంగా జవాబుదారీ. మంత్రి చేయమన్న ఖర్చు ప్రజాధనానికి తగిన ఫలితం ఇవ్వదని అతనికి అనిపిస్తే, రాతపూర్వకమైన ఆదేశం ఇవ్వమని మంత్రిని కోరవచ్చు. ఆదేశం అందాక ఖర్చు చేస్తాడు, కానీ బాధ్యత మంత్రిదవుతుంది. అధికారి కాదనడానికీ, మంత్రి మాట చెల్లడానికీ రెండింటికీ చోటిచ్చే ఈ ఏర్పాటు, తటస్థత గురించి రాసిన ఎన్నో ఉపన్యాసాల కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

అయితే అధికారి రాజకీయాలకు దూరంగా ఉండాలన్నది అన్ని దేశాలూ ఒప్పుకున్న సూత్రమని అనుకోకండి. జర్మనీలో ప్రభుత్వ అధికారి పార్టీ సభ్యుడిగా ఉండవచ్చు. మంత్రిత్వ శాఖలలో అత్యున్నత స్థాయి అధికారులను మంత్రి కారణం చూపకుండానే తాత్కాలిక విశ్రాంతికి పంపవచ్చు, కానీ ఆర్థిక భద్రత పోదు. ఫ్రాన్స్‌లో అధికారి ఎన్నికలలో పోటీ చేసి, పదవీకాలం ముగిశాక తిరిగి సర్వీసులోకి రావచ్చు. 1945లో స్థాపించిన జాతీయ పరిపాలనా పాఠశాల ‘ఎనా’లో చదివినవారే జిస్కార్ దెస్తేఁ, షిరాక్, ఒలాంద్, మాక్రాఁ, ఆ మాక్రాఁయే దాన్ని మూసి, 2022 జనవరి నుంచి దాని స్థానంలో మరో సంస్థను నడిపించారు. భారతదేశంలోనూ బ్రిటన్‌లోనూ ఎన్నికల బరిలోకి దిగాలనుకునే ఉన్నతాధికారి ముందు రాజీనామా చేయాల్సిందే. జపాన్‌లో ఉన్నతాధికారులు తమ తరం వారిలో ఒకరు అత్యున్నత పదవికి చేరగానే మిగతావారు తప్పుకొని, తరచుగా తాము నియంత్రించిన పరిశ్రమలలోనే కొలువు సంపాదించుకోవడం దశాబ్దాలపాటు ఆనవాయితీగా సాగింది. ‘అమకుదారి’ అని పిలిచే ఈ ఆనవాయితీని 2007లో చట్టసవరణతో కట్టడి చేయాల్సివచ్చింది. 2014లో ఉన్నత నియామకాలను కేబినెట్ అధీనంలోని ఒక బ్యూరో కిందకు తెచ్చాక, అధికారులు ప్రధానమంత్రి మనసెరిగి ముందే నడుచుకుంటున్నారన్న విమర్శ అక్కడ మొదలైంది. ఒక జబ్బుకు వేసిన మందు మరో జబ్బును తెచ్చిందా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

స్వీడన్‌ను విడిగా చెప్పాలి, ఎందుకంటే మంత్రి అంటే శాఖకు యజమాని అన్న మన ఊహను అది తలకిందులు చేస్తుంది. అక్కడ మంత్రిత్వ శాఖలు చిన్నవి, అసలు పాలన స్వతంత్ర సంస్థల చేతిలో ఉంటుంది. ఒక వ్యక్తికి సంబంధించిన కేసులో గానీ, చట్టాన్ని ఎలా వర్తింపజేయాలన్న విషయంలో గానీ ఆ సంస్థ ఏం నిర్ణయించాలో మంత్రే కాదు, పార్లమెంటు కూడా చెప్పకూడదని రాజ్యాంగమే నిషేధించింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ నిపుణులు రోజూ మాట్లాడుతుంటే మంత్రులు వెనక ఉండటం చూసి బయటివారు వింతపడ్డారు. ఈ నేపథ్యం తెలిసినవారికి అందులో వింత తక్కువ. 1766లోనే అక్కడ ప్రభుత్వ పత్రాలు పౌరులకు చూపవలసినవేనన్న చట్టం వచ్చిందన్నది కూడా కలిపి చూడాలి. సంస్థలకు అంత స్వేచ్ఛ ఇవ్వడం, అవి ఏం రాసుకుంటున్నాయో ఎవరైనా చదవగలగడం అనే రెండూ ఒకదానికొకటి ఆధారం. మొదటిదాన్ని మాత్రమే అరువు తెచ్చుకున్న దేశానికి దక్కేది జవాబుదారీ లేని సంస్థలే.

ఇంతవరకు చెప్పిన దేశాలు ఒకదానికొకటి చాలా దూరమైనవి. చరిత్ర, సంపద, చట్టసంప్రదాయం, జనాభా అన్నీ వేరు కనుక, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం కష్టం. అందుకే ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారికి నేను ఒకే మూలం నుంచి వేరుపడిన దేశాలను ముందు చదవమంటాను. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకలను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. వలస పాలనలో జిల్లా అధికారి, పోటీ పరీక్ష, జీవితకాలపు సర్వీసు అనే మూడు స్తంభాలు నాలుగు చోట్లా ఉన్నాయి; 1855లో లండన్‌లో మొదలైన ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) పోటీ పరీక్ష వారసత్వం మొదటి మూడు దేశాలది, దానికి దగ్గరి పోలికతో నడిచిన సిలోన్ సివిల్ సర్వీసు వారసత్వం శ్రీలంకది. స్వాతంత్ర్యం వచ్చాక నాలుగూ నాలుగు దారులు పట్టాయి.

భారతదేశం సర్వీసు రక్షణను రాజ్యాంగంలోనే రాసుకుంది. 311వ అధికరణం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, విచారణ లేకుండా ఉద్యోగిని తొలగించరాదు, నియమించిన అధికారి కంటే కిందివాడు తొలగించరాదు. రాష్ట్రంలో పనిచేసే ఐఏఎస్ అధికారిని రాష్ట్రం సస్పెండ్ చేయగలదు గానీ డిస్మిస్ చేయలేదు. ఆ అధికారం కేంద్రానిది. పైపైన చూస్తే ఇది గట్టి కోట. కానీ బదిలీ అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఉద్యోగం పోదు, కుర్చీ మాత్రం ఎప్పుడైనా పోవచ్చు. అందువల్ల రాజకీయ ఒత్తిడి అంతా తొలగింపు రూపంలో కాకుండా బదిలీ రూపంలో ప్రవహించింది. 2013లో సుప్రీంకోర్టు, మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ తదితరులు వేసిన కేసులో, కనీస పదవీకాలం ఉండాలనీ, బదిలీలను సిఫార్సు చేయడానికి సివిల్ సర్వీసుల బోర్డులు ఏర్పాటు చేయాలనీ ఆదేశించడానికి కారణం ఇదే.

పాకిస్తాన్ 1956, 1962 రాజ్యాంగాలలో అటువంటి రక్షణలు ఉండేవి; 1973 రాజ్యాంగం వాటిని సాధారణ చట్టానికి వదిలేసింది. అదే ఏడాది జుల్ఫికర్ అలీ భుట్టో ప్రభుత్వం, ఐసీఎస్‌కు వారసురాలిగా ఉన్న సివిల్ సర్వీస్ ఆఫ్ పాకిస్తాన్‌ను రద్దుచేసి, సర్వీసులన్నింటినీ ఒకే గ్రేడుల వరుసలోకి తెచ్చింది, బయటివారికి నేరుగా పై స్థాయిలో ప్రవేశం కల్పించింది. సర్వీసు కులీనత్వాన్ని విరగ్గొట్టడమే లక్ష్యమని ప్రకటించారు. ఆ నిర్ణయాన్ని సమర్థించేవారూ ఉన్నారు. కానీ కులీనత్వంతోపాటు కవచం కూడా తొలగిపోయిందన్నది కాదనలేని విషయం. తరువాత 2001లో పర్వేజ్ ముషారఫ్ ప్రభుత్వం జిల్లా అధికారి అయిన డిప్యూటీ కమిషనర్ పదవినే తీసేసి, జిల్లా పాలనను నాజిమ్ అనే ఎన్నికైన జిల్లా అధిపతి కిందకు తెచ్చింది. సైనిక ప్రభుత్వం స్థానిక ప్రజాస్వామ్యాన్ని పెంచడం విచిత్రంగా అనిపించవచ్చు; ఆ సంస్కరణ ప్రావిన్సుల ప్రభుత్వాలను పక్కకు నెట్టి నేరుగా జిల్లాలతో బంధం వేసుకుందని గమనిస్తే విచిత్రం పోతుంది. పౌర ప్రభుత్వాలు తిరిగి వచ్చాక ప్రావిన్సులు ఆ ఏర్పాటును ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పాయి, డిప్యూటీ కమిషనర్ మళ్లీ వచ్చాడు.

శ్రీలంక కథ వీటన్నింటిలోకీ స్పష్టమైనది, పరీక్షశాలలో చేసిన ప్రయోగంలా ఉంటుంది. 1963లో సిలోన్ సివిల్ సర్వీసును రద్దుచేసి, విస్తృతమైన పరిపాలనా సర్వీసును తెచ్చారు. 1972 రాజ్యాంగం ఉద్యోగుల నియామకం, బదిలీ, తొలగింపులను స్వతంత్ర కమిషన్ నుంచి తీసి కేబినెట్ చేతిలో పెట్టింది. 2001లో 17వ సవరణ రాజ్యాంగ మండలి ద్వారా స్వతంత్ర కమిషన్లను తిరిగి నిలబెట్టింది. 2010లో 18వ సవరణ వాటిని బలహీనపరిచింది. 2015లో 19వది పునరుద్ధరించింది. 2020లో 20వది మళ్లీ బలహీనపరిచింది. ఆర్థిక సంక్షోభం తరువాత 2022లో 21వది మళ్లీ తెచ్చింది. దేశం అదే, ప్రజలు వారే, ఉద్యోగులు చాలావరకు వారే. మారినదల్లా నియామకంపై అధికారం ఎవరిదన్న ఒక్క నిబంధన. కార్యనిర్వాహక అధ్యక్షుడు బలపడినప్పుడల్లా కమిషన్లు కుంగడం, అతను బలహీనపడినప్పుడల్లా లేవడం ఈ వరుసలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సర్వీసు కమిషన్ స్వతంత్రంగా ఉంటే పాలన బాగుంటుందని అందరూ అంటారు. స్వతంత్రంగా ఉండనివ్వడం ఎవరికి లాభమో, ఎప్పుడు లాభమో అన్నది శ్రీలంకను చదివితేనే తెలుస్తుంది.

బంగ్లాదేశ్ మాత్రం మరో మూలను చూపిస్తుంది. అక్కడి రాజ్యాంగంలో భారతదేశపు 311వ అధికరణాన్ని పోలిన రక్షణ ఉంది, జిల్లా అధికారి కొనసాగుతున్నాడు. ఒత్తిడి బయటపడింది సర్వీసులోకి ప్రవేశించే గుమ్మం దగ్గర. 1971 విముక్తి పోరాట యోధుల వారసులకు కేటాయించిన 30 శాతం కోటాపై 2018లోనూ, మళ్లీ 2024లోనూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2024 జులైలో సుప్రీంకోర్టు దాన్ని ఐదు శాతానికి తగ్గించి 93 శాతం పోస్టులను ప్రతిభకు వదిలినా ఉద్యమం ఆగలేదు. ఆగస్టు 5న షేక్ హసీనా ప్రభుత్వం కూలింది. నియామక నిబంధనల గురించిన చర్చ పొడి విషయమని అనుకునే విద్యార్థులకు నేను ఈ సంఘటనను గుర్తుచేస్తాను.

నష్టపోయిన పౌరుడు ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్న కూడా మంచి ఫలితమిస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ప్రభుత్వ పొగాకు కర్మాగారపు బండి తగిలి ఆన్యెస్ బ్లాంకో అనే చిన్నపిల్ల గాయపడింది. 1873లో అధికార పరిధిని తేల్చే ట్రిబ్యునల్, రాజ్యం బాధ్యతను సాధారణ పౌరచట్టంతో కొలవరాదనీ, పాలనా న్యాయస్థానాలే విచారించాలనీ తీర్పిచ్చింది. రాజ్యానికి వేరే కోర్టు అంటే రాజ్యానికి రాయితీ అని ఆంగ్లేయ న్యాయవేత్తలు చాలాకాలం ఎగతాళి చేశారు. వాస్తవంలో ఆ ప్రత్యేక కోర్టులే రాజ్యాన్ని నిలదీసే సూత్రాలను ఒక్కొక్కటిగా కట్టాయి. బ్రిటన్‌లోనైతే పౌరుడు తనకు జరిగిన హానికి రాజ్యంపై హక్కుగా దావా వేయడానికి 1947 నాటి చట్టం వరకు ఆగాల్సివచ్చింది. భారతదేశంలో 1964లో కస్తూరీలాల్ కేసు తీర్పు వచ్చింది: మీరట్‌లో పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి దేశం దాటిపోయినా, అది సార్వభౌమాధికారపు విధిలో జరిగిన పని కనుక ప్రభుత్వానికి బాధ్యత లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాథమిక హక్కుల ఉల్లంఘన కేసులలో నేరుగా పరిహారం ఇప్పించే దారిని ఆ తరువాత కోర్టే తెరిచింది, 1993 నాటి నీలబతి బెహరా తీర్పు అందులో ముఖ్యమైనది.

సిద్ధాంతం గురించి కొంత చెప్పక తప్పదు. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్ణించిన ఉద్యోగస్వామ్యం (బ్యూరోక్రసీ) ఒక ఆదర్శ నమూనా మాత్రమే, అంటే పోల్చి చూడటానికి పనికివచ్చే కొలబద్ద. దాన్ని ప్రశంసగానో, అమలు చేయాల్సిన ప్రణాళికగానో చదవడం చాలామంది చేసే తప్పు. 1947లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్, అనేక దేశాలను పోల్చి చూడనంతవరకు ప్రభుత్వ పాలన శాస్త్రమనిపించుకోలేదని వాదించాడు. 1960లలో మరో అమెరికన్ పండితుడు ఫ్రెడ్ రిగ్స్ ఆ పనిని భుజానికెత్తుకున్నాడు. థాయిలాండ్‌ను దగ్గరగా చూసిన రిగ్స్ ప్రతిపాదించిన ప్రిస్మాటిక్ సమాజ (సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్యలో ఉన్న సమాజం) భావనలో నాకు నేటికీ ఉపయోగపడేది ఒక్కటే: రాసిన నియమానికీ నడిచే ఆచరణకూ మధ్య దూరం ఎక్కువగా ఉన్న చోట, నియమాన్ని మార్చినంత మాత్రాన ప్రవర్తన మారదు. అతని మిగతా పదజాలంలో చాలా భాగం బరువే తప్ప ఉపయోగం తక్కువని నా అభిప్రాయం. పరీక్ష రాయాలంటే మాత్రం చదువుకోండి.

ఆ ఒక్క మాట ఎంత నిజమో మంగోలియా చూపించింది. న్యూజీలాండ్ 1988, 1989 చట్టాలతో శాఖాధిపతులను ఒప్పందాలపై నియమించి, ఫలితాలు చూపమని, ఖర్చు ఎలా పెట్టాలన్నది వారి ఇష్టానికి వదిలింది. ఆ నమూనా ప్రపంచమంతా ప్రసిద్ధమైంది. అభివృద్ధి చెందుతున్న దేశాలు దాన్ని అనుకరించరాదని బడ్జెట్ వ్యవహారాల నిపుణుడు అలెన్ షిక్ 1998లోనే హెచ్చరించాడు: ఒప్పందం అంటే కట్టుబడటమే అన్న అలవాటు, నమ్మదగిన లెక్కలు, నిజంగా అమలయ్యే బడ్జెట్ ముందే ఉన్నచోట మాత్రమే అధికారికి అంత స్వేచ్ఛ ఇవ్వవచ్చునని అతని వాదన. మంగోలియా 2002లో దాదాపు అదే నమూనాపై చట్టం చేసింది. ఒప్పంద పత్రాలు కుప్పలుగా తయారయ్యాయి, ఖర్చుపై అదుపు మాత్రం రాలేదు. 2011లో ఆ దేశం మరో బడ్జెట్ చట్టం చేసుకుంది. న్యూజీలాండ్ కూడా 2020లో కొత్త పబ్లిక్ సర్వీస్ చట్టం తెచ్చి, విడివిడిగా ఉన్న శాఖలు కలిసి పనిచేయడానికి ఏర్పాట్లు చేసుకోవలసివచ్చింది.

ర్యాంకుల పట్టికల గురించి క్లుప్తంగా: ప్రపంచ బ్యాంకు ఏటా ప్రకటించిన వ్యాపార సౌలభ్య నివేదికను, 2018, 2020 సంచికల గణాంకాలలో అవకతవకలు బయటపడ్డాక, 2021 సెప్టెంబరులో ఆపేసింది. అవకతవకలు లేకపోయినా, అది చాలా దేశాలలో అతిపెద్ద వ్యాపార నగరాన్ని మాత్రమే చూసేది. పైగా అడిగినది చట్టప్రకారం ఎంత సమయం పడుతుందని గానీ, నిజంగా ఎవరికి ఎంత పట్టిందని కాదు. పైన రిగ్స్ చెప్పిన దూరం ఎక్కువగా ఉన్న దేశాలకే ఇటువంటి కొలతలు ఎక్కువగా తప్పుతాయి.

ఇక మీరు చేయదగిన పని. రెండు దేశాలు చాలు, మూడో దానికి తొందరపడకండి. చరిత్రలో దగ్గరివి ఎంచుకొని, ఒకే సేవను తీసుకోండి: భూమి రిజిస్ట్రేషన్ కావచ్చు, వృద్ధాప్య పింఛను కావచ్చు, బడి ఉపాధ్యాయుడి నియామకం కావచ్చు. రాజ్యాంగంలోని సంబంధిత అధికరణం, సర్వీసు చట్టం, ఆ సేవకు కేటాయించిన బడ్జెట్ పద్దు, ఆడిట్ సంస్థ నివేదిక అనే నాలుగింటిని రెండు దేశాలకూ సేకరించండి. ఈ నాలుగింటిలో ఆడిట్ నివేదికను ముందు చదవండి, ఎందుకంటే నియమం ఎక్కడ తప్పిందో రాసేది అదొక్కటే, మిగతా మూడూ ఎలా ఉండాలో మాత్రమే చెబుతాయి. శ్రీలంకపై ఆసక్తి ఉంటే, 17వ సవరణ నుంచి 21వ సవరణ వరకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యులను ఎవరు ఎంపిక చేశారో ఒక పట్టికగా రాసుకోండి. దాని పక్కనే అదే కాలంలో భారతదేశంలో యూపీఎస్సీ సభ్యుల నియామకానికి సంబంధించిన 316వ అధికరణం మారకుండా ఎలా నిలిచిందో పెట్టి చూస్తే, మీ మొదటి వ్యాసానికి కావలసిన ప్రశ్న దొరుకుతుంది.